వన్ ఆఫ్ ఎ కైండ్: లెక్కా, మెచ్చుకోలా?

ఇంగ్లీషులో నిత్యం వినిపించే ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ అనే పలుకుబడిని తెలుగులోకి తెచ్చేటప్పుడు చాలామంది ‘ఒక రకమైన’ అని రాసేస్తున్నారు. వస్తువుల ప్రకటనల్లోనూ యంత్రానువాదాల్లోనూ ఇది తరచూ కనిపిస్తోంది. ‘ఇది ఒక రకమైన హారం’ అన్న వాక్యం చదివితే మనకు ఏమి అర్థమవుతుంది? హారాల్లో ఇదొక తరహా అని. ఇంకాస్త నిదానించి చదివితే, హారంలాంటిదే గానీ పూర్తిగా హారం కాదేమో అనే అనుమానం కూడా వస్తుంది. రాసినవారు చెప్పదలచుకున్నది మాత్రం ఇలాంటి హారం లోకంలో మరొకటి లేదని! నాలుగు పొట్టి మాటల పలుకుబడి ఇంతగా తలకిందులు కావడానికి బలమైన కారణమే ఉంది. అది ఇంగ్లీషులో కొంత, తెలుగులో కొంత ఉంది. రెండూ విప్పి చూడదగ్గవే.

అర్థం విషయంలో పేచీ లేదు. తనలాంటిది మరొకటి లేని వస్తువును, తనలాంటివారు మరొకరు లేని మనిషిని ఇలా అంటారు. క్రియ తర్వాత వస్తే నాలుగు మాటలూ విడివిడిగా రాస్తారు. నామవాచకానికి ముందు విశేషణంగా వస్తే మధ్యలో చిన్న గీతలు పెట్టి నాలుగింటినీ ఒకే మాట చేస్తారు. ఇదే అర్థంలో ‘యునీక్’ అనే మాట కూడా ఉంది కదా అంటే, ఉంది. అయితే అది లాటిన్ ‘ఊనుస్’ నుంచి, అంటే ‘ఒకటి’ నుంచి, ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట. ‘వన్ ఆఫ్ ఎ కైండ్’లోని నాలుగు మాటలూ పాత ఇంగ్లీషు నాటివి, అచ్చంగా ఆ ఇంట పుట్టినవి. అందుకే కాబోలు, పోయిన మనిషిని ఆప్యాయంగా తలచుకునేటప్పుడు ఈ మాటే ముందుగా నోటికి వస్తుంది. ‘యునీక్’ అంటే అక్కడ కాస్త కాగితం వాసన వేస్తుంది.

ఇప్పుడు అసలు ముడి. ‘వన్ ఆఫ్’ అంటే ‘వాటిలో ఒకటి’ అని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ‘వన్ ఆఫ్ ది బెస్ట్’ అంటే గొప్పవాటిలో ఒకటి. అలాంటప్పుడు ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ అంటే ఒక రకంలో ఒకటి కావాలి, ఆ రకంవి ఇంకా చాలా ఉండాలి. న్యాయంగా చూస్తే అర్థం అటే పోవాలి. పోవడం లేదు. ఎందుకంటే ఇక్కడ ‘వన్ ఆఫ్’ ఒక జంట కాదు, ‘ఆఫ్ ఎ కైండ్’ ఒక గుంపు. వాక్యాన్ని విరవవలసిన చోటు ‘వన్’ తర్వాత.

ఈ గుంపులోని ‘ఎ’ కూడా మనం అనుకునే ‘ఎ’ కాదు. పాత ఇంగ్లీషులో ‘ఆన్’ అంటే ‘ఒకటి’. ఆ సంఖ్యావాచకమే అరిగి అరిగి ఎన్‌గా, ఎగా మారి ఆర్టికల్ అయింది. కానీ కొన్ని పాత పలుకుబడుల్లో దానికి ‘ఒకే’ అనే పూర్వార్థం అలాగే నిలిచిపోయింది. ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’ అంటే ఒకే రకం ఈకలున్న పక్షులు. ‘ఆఫ్ ఎన్ ఏజ్’ అంటే ఒకే ఈడువాళ్ళు. ‘ఆఫ్ ఎ మైండ్’ అంటే ఒకే అభిప్రాయం గలవాళ్ళు. అదే వరుసలో ‘ఆఫ్ ఎ కైండ్’ అంటే ఒకే జాతికి చెందిన అని.

ముందు ఒక సంఖ్య పెడితే చాలు, పలుకుబడి తయారవుతుంది. ‘టూ ఆఫ్ ఎ కైండ్’ అంటే ఒకే కోవకు చెందిన ఇద్దరు. కాస్త చులకనగా అంటే మన ‘దొందూ దొందే’. పోకర్ ఆటలో ఒకే విలువ గల ముక్కలు మూడు చేతికొస్తే ‘త్రీ ఆఫ్ ఎ కైండ్’, నాలుగొస్తే ‘ఫోర్ ఆఫ్ ఎ కైండ్’. ప్రతిసారీ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఒకే కోవకు చెందినవి ఎన్ని ఉన్నాయి? జవాబు రెండైనా మూడైనా నాలుగైనా అది పోలిక గురించిన మాట. జవాబు ఒకటి అయిన క్షణంలో పోలికే మాయమవుతుంది, ఆ కోవలో ఇంకెవరూ లేరన్నమాట. వాక్యం అస్థిపంజరం మారలేదు, సంఖ్య మాత్రమే మారింది, అర్థం ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చింది. ఇంగ్లీషులో నాకు ఎంతో ఇష్టమైన మలుపుల్లో ఇది ఒకటి.

ముందు సంఖ్య లేకుండా వాడితే ఏమవుతుంది? అదీ చూడాలి, ఎందుకంటే మన అనువాదాల్లో తప్పు జరుగుతున్నది ఇక్కడే. ఒక నామవాచకం వెనుక ఊరికే ‘ఆఫ్ ఎ కైండ్’ అని తగిలిస్తే అది తగ్గించి చెప్పే మాట అవుతుంది. రెండు దేశాల మధ్య కాల్పులు ఆగాయి గానీ పగ ఆరలేదనుకుందాం. దాన్ని ‘పీస్ ఆఫ్ ఎ కైండ్’ అంటారు, అంటే పేరుకు శాంతి. అసలు శాంతికి ఉండవలసిన లక్షణాలు కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. మన ‘ఒక రకమైన శాంతి’ సరిగ్గా దీనికి సరిపోతుంది. అలాగే ‘కైండ్ ఆఫ్’ అని ముందు చేర్చి మాటను మెత్తబరిచే అలవాటు కూడా ఉంది. దానికి మన ‘ఒక రకంగా’ చక్కగా కుదురుతుంది. కాబట్టి ‘ఒక రకమైన’ అనేది చెడ్డ అనువాదం కాదు, వేరే పలుకుబడికి చెందిన అనువాదం. దాన్ని తెచ్చి ‘వన్ ఆఫ్ ఎ కైండ్’కు తొడగడం వల్ల పొగడవలసిన చోట అనుమానం పలుకుతోంది.

ఇక తెలుగు వైపు చూద్దాం. ‘ఒక రకం’, ‘ఒకే రకం’, ‘ఒక్క రకం’. తేడా ఒక గుణింతం, ఒక ఒత్తు. కానీ మూడూ మూడు దారులు. ‘ఒక రకమైన భయం’ అంటే ఇదీ అని చెప్పలేని భయం. ‘ఒకే రకమైన బట్టలు’ అంటే అన్నీ ఒకేలా ఉన్న బట్టలు. ‘ఒక్క రకమే ఉంది’ అంటే ఎంచుకోవడానికి మరొకటి లేదు. వీటిలో ఏదీ ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ కాదు. ‘ఒకే రకమైనది’ అని రాస్తే ‘టూ ఆఫ్ ఎ కైండ్’ అర్థం, అంటే పూర్తి వ్యతిరేకార్థం, వచ్చి కూర్చుంటుంది.

‘ఒకే’ అనే మాటలో ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. ‘ఇంట్లో ఒకే గది ఉంది’ అంటే రెండోది లేదని. ‘ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు’ అంటే ఇద్దరిదీ అదే గది అని. మొదటిది లేమి, రెండోది కలిమి. ఒకే సంఖ్య ‘మరొకటి లేదు’ అనీ ‘రెండూ అదే’ అనీ చెప్పడం ఇంగ్లీషు ‘ఎ’లో చూశాం, ఇక్కడ మన ‘ఒకే’లోనూ చూస్తున్నాం. రెండు భాషలకూ సంబంధం లేకపోయినా ‘ఒకటి’ అనే సంఖ్య స్వభావం అలాంటిది కాబోలు.

ఇంకో జంట చూడండి: ‘ఒకానొక’, ‘ఒక్కగానొక్క’. వినడానికి అక్కాచెల్లెళ్ళు. ‘ఒకానొక రాజు’ అంటే ఎవరో ఒక రాజు, ఎవరైతేనేం అన్నంత అనిర్దిష్టం. ‘ఒక్కగానొక్క కొడుకు’ అంటే మరొకరు లేని కొడుకు, వాడి మీదే ప్రాణమంతా. ఈ రెండో మాటలో లెక్కతో పాటు మమకారం కూడా పలుకుతుంది. అందుకే దాన్ని యంత్రాలకూ శిలాఫలకాలకూ వాడితే అతకదు. అలాగని ‘ఒకానొక’ను ‘ఏకైక’ అనే అర్థంలో వాడటం పొరపాటు. ‘ప్రపంచంలోనే ఒకానొక ప్రదర్శనశాల’ అని రాస్తే ఏదో ఒక ప్రదర్శనశాల అనే అర్థం వస్తుంది.

కైండ్ అనే మాట దగ్గర కూడా కాసేపు ఆగాలి. మనం దాన్ని ‘రకం’ అనుకుంటున్నాం. ఇవాళ్టి వాడుకలో రకమే. కానీ మొదట దానికి పుట్టుక అనీ జాతి అనీ అర్థం. బంధువర్గాన్ని చెప్పే ‘కిన్’ దీని దగ్గరి చుట్టమే. ‘మ్యాన్‌కైండ్’ అంటే మానవ రకం కాదు, మానవజాతి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఆదికాండంలో చెట్లూ జంతువులూ దేని జాతి ప్రకారం అవి పుట్టాయని చెప్పేచోట వాడిన మాట కైండే. లాటిన్ ‘జెనుస్’, గ్రీకు ‘గెనోస్’, సంస్కృతంలో ‘జన్’ ధాతువు, దాని నుంచి వచ్చిన జననం, జన్మ, జనం, జాతి, ఇవన్నీ ఒకే ప్రాచీన మూలం నుంచి పుట్టాయని భాషాశాస్త్రం చెబుతుంది. అంటే కైండ్‌కు జాతి అనే మాట అర్థంలోనే కాదు, పుట్టుకలోనూ దగ్గరిదే. దయగల అనే అర్థంలో వాడే ‘కైండ్’ కూడా ఇదే కుదురు. పుట్టుకతో సహజంగా వచ్చినది, మంచి పుట్టుక గలది అనే అర్థాల మీదుగా అది దయ వరకు నడిచి వచ్చింది.

అప్పుడు ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ అంటే ఏమిటి? ఒక జాతి ఉంది, ఆ జాతి మొత్తంలో ఉన్నది ఇదొక్కటే. ఇది వింత ఊహ. జాతి అంటేనే అనేకం కదా! ఒక్కదాని కోసమే ఒక జాతిని కల్పించడం ఇందులోని అందం. లాటిన్‌లో ఇదే ఊహకు ‘సుయి జెనెరిస్’ అనే మాట ఉంది. ‘తనదైన జాతికి చెందినది’ అని దాని అర్థం. న్యాయశాస్త్రంలో అది పారిభాషిక పదమై కూర్చుంది. ఉన్న ఏ వర్గంలోనూ ఇమడని విషయానికి విడిగా చేసిన ఏర్పాటును అలా పిలుస్తారు. మేధాసంపత్తి హక్కుల మీద కుదిరిన ట్రిప్స్ ఒప్పందం 27వ అధికరణంలో, కొత్త మొక్కల రకాల రక్షణకు దేశాలు పేటెంటు గానీ, సమర్థమైన సుయి జెనెరిస్ వ్యవస్థ గానీ, రెండూ కలిపి గానీ వాడుకోవచ్చని ఉంది. అక్కడ దానికి ‘అద్భుతమైన వ్యవస్థ’ అనే అర్థం లేదు. ఆ పని కోసమే విడిగా కట్టిన వ్యవస్థ అని మాత్రమే.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడ మొదలవుతుంది. మరొకటి లేకపోవడం వేరు, గొప్పగా ఉండటం వేరు. మొదటిది లెక్క, రెండోది మెచ్చుకోలు. ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ పుట్టింది లెక్కగా, ఎక్కువగా వాడుతున్నది మెచ్చుకోలుగా. తెలుగులోకి తెచ్చేవారు ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ రచయిత లెక్కపెడుతున్నాడా, మెచ్చుకుంటున్నాడా? జవాబును బట్టి మాట మారుతుంది. రెండింటికీ ఒకే మాట వెతికినంతకాలం మనకు తృప్తి కలగదు.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 1856లో బ్రిటిష్ గయానాకు లండన్ నుంచి రావలసిన తపాలా బిళ్ళలు ఆలస్యమయ్యాయి. అక్కడి పోస్టుమాస్టరు స్థానిక పత్రిక ముద్రణాలయంలో తాత్కాలికంగా బిళ్ళలు అచ్చు వేయించాడు. వాటిలో ఒక సెంటు విలువగల మెజెంటా రంగు బిళ్ళ ఇప్పటికి తెలిసినంతవరకు ప్రపంచంలో ఒక్కటే మిగిలింది. మూలలు కత్తిరించిన, మాసిపోయిన చిన్న కాగితం ముక్క అది. 1873లో 12 ఏళ్ళ పిల్లవాడి కంటపడింది. 2014లో న్యూయార్క్ వేలంలో దాదాపు 95 లక్షల డాలర్లు పలికింది. దాన్ని ఇంగ్లీషులో నిస్సందేహంగా ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ అంటారు. అందం వల్ల కాదు, పనితనం వల్ల కాదు, రెండోది లేకపోవడం వల్ల. అచ్చు వేసిన రోజున దానిలాంటివి ఎన్నో ఉన్నాయి, ఆనాడు ఈ మాట దానికి చెల్లదు. మిగతావి పోయాయి కాబట్టి ఇప్పుడు చెల్లింది. ఒకప్పటి యజమాని రెండో బిళ్ళను కొని చేతులారా కాల్చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి రుజువు లేదు. కానీ ఆ కథ పుట్టిందంటేనే ఈ మాటకు ప్రాణం ‘ఒకటి’ అనే అంకెలో ఎంత ఉందో తెలుస్తుంది. దీన్ని తెలుగులో ‘అద్వితీయమైన తపాలా బిళ్ళ’ అంటే చదివేవాడు బొమ్మ బాగుంటుందనుకుంటాడు. ‘ఆ రకంలో మిగిలిన ఏకైక బిళ్ళ’ అనాలి. ‘మిగిలిన’ అనే మాట లేకపోతే చరిత్ర పోతుంది.

జీవజాతుల విషయంలో లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. గాలపాగోస్ దీవుల్లోని పింటా అనే దీవికి చెందిన తాబేలు, ‘లోన్‌సమ్ జార్జ్’ అని పేరుపడినది, 2012 జూన్ 24న చనిపోయింది. దాంతో ఆ జాతి ముగిసింది. అది ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ అని రాసేవారున్నారు గానీ, సరైన మాట ‘లాస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్’, తన జాతిలో చివరిది. ఇలాంటి చివరి జీవికి ‘ఎండ్లింగ్’ అనే మాటను 1996లో నేచర్ పత్రికకు రాసిన లేఖలో ప్రతిపాదించారు. మరోవైపు గింకో చెట్టును చూడండి. అవి లోకమంతటా విరివిగా పెరుగుతున్నాయి. లెక్కకు లోటు లేదు. అయినా వృక్షశాస్త్రం లెక్కలో అది ఒంటరిది. దాని విభాగం మొత్తంలో బతికి ఉన్న జాతి అదొక్కటే, బంధుజాతులన్నీ శిలాజాలుగానే మిగిలాయి. ఇక్కడ చెట్టు ఒక్కటి కాదు, జాతి ఒక్కటి. కాబట్టి ‘ఏకైక’ అని రాసేముందు దేనిలో ఏకైక అని చెప్పాలి. ‘తన విభాగంలో మిగిలిన ఏకైక జాతి’ అంటే స్పష్టం. ఊరికే ‘ఏకైక వృక్షం’ అంటే అబద్ధం.

గణితంలో ‘యునీక్’కు ‘ఏకైక’ వాడుతున్నాం, అది చక్కని మాట. ఒక సమీకరణానికి ఏకైక సాధన ఉందంటే ఒకటి ఉంది, రెండోది లేదు, అంతే. సాధన గొప్పదని ఎవరూ అనుకోరు. ఏక, ఏక కలిసి వృద్ధిసంధితో ఏకైక అయింది. మన ‘ఒకే ఒక్క’లోనూ ‘ఒక్కగానొక్క’లోనూ ఇదే రెట్టింపు. ఇంగ్లీషు ‘వన్ అండ్ ఓన్లీ’లో కూడా వేరే మాటతో ‘ఒక్క’ అనే భావమే రెండుసార్లు పలుకుతుంది. ఒక్కటే అని గట్టిగా చెప్పాలంటే ఒకటిని రెండుసార్లు అనవలసి రావడం తమాషాగా ఉంటుంది. కంప్యూటర్ రంగంలో మాత్రం ‘విశిష్ట సంఖ్య’ అని స్థిరపడింది. విశిష్టం అంటే మేలైనది, గొప్పది అనే అర్థం బలంగా ఉన్నందున నాకు ఆ ఎంపిక అంతగా నచ్చదు. ఇద్దరికి ఒకే సంఖ్య ఉండదని చెప్పడమే అక్కడ ఉద్దేశం, సంఖ్యకు గౌరవం కట్టబెట్టడం కాదు. కానీ స్థిరపడిన మాటను ఇప్పుడు కదిలించలేం.

మెచ్చుకోలు వైపుకు వస్తే తెలుగు చేతిలో ఎన్ని మాటలు! సాటిలేని, ఈడులేని, ఎదురులేని, అసమానమైన, నిరుపమానమైన, అనన్యమైన, అద్వితీయమైన. గమనించారా, అన్నీ ‘లేదు’ అనే మాటలే. ఇంగ్లీషు ఒక జాతిని కల్పించి అందులో ఒక్కదాన్ని కూర్చోబెడుతుంది. మన మాటలు పక్కన నిలబడగలిగినదాన్ని వెతికి, దొరకలేదని చెబుతాయి. ‘ఈడు’ ఇందులో మరీ బాగుంటుంది. వయసూ అదే, సమానత్వమూ అదే. ‘ఒకే ఈడువాళ్ళు’ అంటే ఇంగ్లీషువారి ‘ఆఫ్ ఎన్ ఏజ్’. ‘ఈడులేని’ అంటే సమానమైనది లేని. ఇంగ్లీషు పలుకుబడి చేసిన ప్రయాణమే ఈ చిన్న తెలుగు మాట తనంత తాను చేసింది.

అద్వితీయం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఛాందోగ్యోపనిషత్తులో ‘ఏకమేవాద్వితీయమ్’ అన్నప్పుడు అది కచ్చితమైన మాట. ఉన్నది ఒక్కటే, రెండోది లేదు. అక్కడ పొగడ్త లేదు, ప్రకటన ఉంది. ఇవాళ ‘అద్వితీయ విజయం’, ‘అద్వితీయ ప్రతిభ’ అని రాస్తే లెక్క పోయి ‘చాలా గొప్ప’ అనే అర్థమే మిగిలింది. ఇంగ్లీషులో ‘యునీక్’కు పట్టిన గతే ఇది. ‘వెరీ యునీక్’ అనవచ్చా అని వాళ్ళు తరాలుగా వాదించుకుంటున్నారు. ‘అత్యంత అద్వితీయమైన’ అని మనమూ రాస్తున్నాం. నా అభిప్రాయంలో ‘దాదాపు ఏకైక’ అనడంలో తప్పులేదు. రెండో మూడో ఉన్నప్పుడు ఒకటికి దగ్గరలో ఉన్నట్టే కదా. ‘అత్యంత ఏకైక’ కుదరదు. ఒకటి కంటే ఇంకా ఒకటిగా ఉండటం సాధ్యం కాదు. ‘అద్వితీయమైన వాటిలో ఒకటి’ అనేది మరీ అన్యాయం. రెండోది లేదంటూనే గుంపులో నిలబెట్టడం అది. విశేషమేమిటంటే ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ ఈ జబ్బు నుంచి తప్పించుకుంది. దాని ముందు ‘వెరీ’ అతకదు, సంఖ్య కళ్ళెదుటే ఉంది కాబట్టి. ‘ట్రూలీ’ వస్తుంది, కానీ అది తీవ్రత చెప్పదు, ‘నిజంగానే’ అని సాక్ష్యం చెబుతుంది.

మనిషి గురించి చెప్పేటప్పుడు ఈ విశేషణాలేవీ నాకు మొదట తట్టవు. ‘ఆమెకు ఆమే సాటి’ అనేదే తట్టుతుంది. మన అలంకారశాస్త్రం దీనికి ఒక పేరే పెట్టింది: అనన్వయాలంకారం. ఉపమేయాన్ని దానితోనే పోల్చడం. అలంకారశాస్త్రం చెప్పేవారు తరచుగా ఉదాహరించే శ్లోకం ఉంది కదా, ‘గగనం గగనాకారం సాగరః సాగరోపమః, రామరావణయోర్యుద్ధం రామరావణయోరివ’ అని. ఆకాశం ఆకాశంలాగే ఉంది, సముద్రానికి సముద్రమే పోలిక, రామరావణుల యుద్ధం రామరావణుల యుద్ధంలాగే ఉంది. పోల్చడానికి మరొకటి దొరక్క పోలిక వెనక్కి తిరిగి తన దగ్గరికే వచ్చింది. ‘తనదైన జాతి’ అనే లాటిన్ ఊహకు ఇంతకంటే దగ్గరి తెలుగు మార్గం లేదు. సంతాప సందేశంలో ఇంగ్లీషువారు ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ అన్నచోట ‘ఆయనకు ఆయనే సాటి’ అని రాయండి, ‘అలాంటి మనిషి మరొకరు లేరు’ అని రాయండి. రెండూ నిండుగా ఉంటాయి.

ఇదే పలుకుబడిని ఇంగ్లీషులో కొంచెం నవ్వుతూ కూడా వాడతారు. వింత అలవాట్లున్న స్నేహితుణ్ణి చూసి అలా అంటే అందులో మెచ్చుకోలు సగం, ‘వీడితో వేగడం కష్టం’ అనేది సగం. తెలుగులో ‘ఆయనది అదో రకం’ అంటే కష్టం పాలు ఎక్కువై మెచ్చుకోలు తగ్గిపోతుంది. ‘ఆయన తీరే వేరు’ అంటే తూకం సరిపోతుంది.

చుట్టుపక్కల మాటల మీద కూడా ఒక్క చూపు వేయాలి, ఎందుకంటే అవి దీనితో కలిసిపోతుంటాయి. ‘ఫస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్’ అంటే ఆ తరహాలో మొదటిది. తర్వాత వంద రావచ్చు. దానికి ‘అపూర్వం’ అక్షరాలా సరిపోతుంది, ఇంతకు ముందు లేనిది కాబట్టి. ‘ఇలాంటివాటిలో ఇదే మొదటిది’ అన్నా చాలు. ‘వన్ ఆఫ్ ఇట్స్ కైండ్’ అని మన దేశపు ఇంగ్లీషులో తరచుగా కనిపిస్తుంది, పై రెండింటినీ కలిపేసిన మాట అది. ‘ఓన్లీ వన్ ఆఫ్ ఇట్స్ కైండ్’ అనాలి, లేదా ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ అనాలి. ‘ఓన్లీ’ తీసేస్తే ‘ఆ తరహావాటిలో ఒకటి’ అనే అర్థం వస్తుంది, పొగడ్త నీరుగారిపోతుంది. ‘వన్ ఆఫ్’ అనే బ్రిటిష్ మాట మరొకటి ఉంది, దాన్లో ‘ఆఫ్’ వేరు, చివర రెండు ‘ఎఫ్’లు ఉన్నది (one-off). ఒక్కసారికే జరిగేది, ఒక్కటే తయారుచేసేది అని దాని అర్థం. ‘ఇది ఈ ఒక్కసారికే’ అంటాం మనం. ‘వన్ ఇన్ ఎ మిలియన్’ను మాత్రం ఏకైక అనకూడదు. అది అరుదు. పది లక్షల్లో ఒకరు అంటే 800 కోట్ల జనాభాలో 8,000 మంది ఉంటారు! మన ‘నూటికో కోటికో ఒకరు’ దానికి తగిన మాట. ‘ప్రత్యేకమైన’ అని రాసి సరిపెట్టేవారు కూడా ఉన్నారు. ప్రతి, ఏక కలిసిన ఆ మాటకు మొదటి అర్థం ‘ఒక్కొక్కటిగా’ అని. ఇప్పుడది ఎంతగా అరిగిపోయిందంటే, ప్రత్యేకం కానిదేదీ మార్కెట్లో కనబడదు. ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ బరువు అది మోయలేదు.

చివరగా, చాలామంది అనువాదకులకు అడ్డుపడే బహువచనం సంగతి. ఒక కుమ్మరి యాభై పాత్రలు చేసి, అన్నీ ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ అని అమ్ముతాడు. ఇంగ్లీషు వ్యాకరణం దీన్ని ఒప్పుకుంటుంది, ఒక్కొక్క పాత్రా ఒక్కొక్క జాతి అన్నమాట. ‘యాభై ఏకైక పాత్రలు’ అని రాస్తే తెలుగు ఒప్పుకోదు. ‘యాభై అద్వితీయ పాత్రలు’ అంటే నాణ్యత గురించి చెప్పినట్టవుతుంది. అతను చెబుతున్నది అది కాదు, చక్రం మీద చేత్తో చేసినవి కాబట్టి ఒకదాని అంచు మరొకదానికి రాదని, ఒకదాని మీద మెరుగు ఆరిన తీరు మరొకదాని మీద లేదని. దీనికి తెలుగులో పెద్ద మాటలేవీ అక్కర్లేదు: ‘యాభై పాత్రలు, దేనికదే. ఏ రెండూ ఒకలా ఉండవు.’